నీషే చెప్పాడని బాపును బలహీనుడు అన్నాను

ప్రశ్న: అన్నా, నమస్తే. నాకు 23 ఏళ్లు. మాది కరీంనగర్ దగ్గర పల్లె, హైదరాబాద్‌లో పీజీ చదువుతున్నా. మా హాస్టల్ దగ్గర ఒక సీనియర్ అన్న ప్రతి ఆదివారం పదిమందిని కూర్చోబెట్టి పుస్తకాలు చెప్తాడు. ఆర్నెల్లుగా జర్మన్ తాత్వికుడు నీషే పుస్తకాలు నడుస్తున్నాయి. ‘లోకంలో ఉన్నది అధికార కాంక్ష ఒక్కటే, రాజకీయమంటే అదే, బలమున్నోడు ఏలతాడు, లేనోడు జాలి, దయ, న్యాయం అని పేర్లు పెట్టుకుని ఏడుస్తాడు, అది బానిస నీతి’ అని ఆయన చెప్తుంటే నాకు ఒళ్లు పులకరించేది. మా బాపుకు ఊళ్లో కిరాణం దుకాణం ఉంది. ఉద్దెర బుక్కులో చాలామంది బాకీలు ఏళ్ల తరబడి అట్లనే ఉంటాయి, గట్టిగా అడగడు. దసరాకు పోయినప్పుడు దాని మీద గొడవై, ‘నీది బానిస నీతి, నువ్వు బలహీనుడివి కాబట్టే అందరూ నిన్ను వాడుకుంటున్నరు’ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. రోజూలాగే రాత్రి ఎనిమిదిన్నరకు దుకాణం బంద్ చేసి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు. అప్పటినుంచి ఫోన్‌లో అమ్మతోనే మాట్లాడుతున్నా. ఇక్కడ నా రూమ్మేట్ అంబేడ్కర్‌ను బాగా చదివినవాడు. ‘నీషే హిట్లర్‌కు గురువు, మనువుకు శిష్యుడు, ఆయన్ని చదవడమే తప్పు’ అంటాడు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్? నీషే ఎవరి పక్షం? నేను చదవడం ఆపేయాలా?

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు ప్రశ్నలే. బాపుతో ఎలా మాట్లాడాలి అన్నది అందులో లేదు, కానీ ఉత్తరంలో సగం ఆయన గురించే రాశావు. ఆ సంగతికి చివర్లో వస్తాను. ఎందుకంటే ఆయన మీద విసిరిన మాట ఎక్కడినుంచి వచ్చిందో నీకు తేలకపోతే దాన్ని నువ్వు మనస్ఫూర్తిగా వెనక్కి తీసుకోలేవు. ఊరికే సారీ చెప్తే ఆయన సరేలే అంటారు, నువ్వేమో లోపల ‘అన్నది నిజమే కదా’ అనుకుంటూనే ఉంటావు.

ముందు ఆ మాట చూద్దాం. నీషే జర్మన్‌లో రాసింది ‘విల్లె త్సుర్ మాఖ్ట్’. ఇంగ్లిష్‌లో ‘విల్ టు పవర్’ (అధికార సంకల్పం) అయింది, మన దగ్గరికి ‘అధికార కాంక్ష’ అయి వచ్చింది. తెలుగులో అధికారం అనగానే మనకు కనిపించేవి కుర్చీ, సంతకం, సైరన్ వేసుకుని పోయే కారు. కాంక్ష అంటే తీరని యావ. రెండూ కలిపేసరికి నీషే ఏదో పదవి కోసం కొట్టుకునేవాళ్ల గురించి చెప్పినట్టు అయిపోయింది. మాఖ్ట్ అనే మాటకు పాలకుల అధికారం అన్న అర్థం ఉన్న మాట నిజమే, కానీ దాని వేరు ‘చేయగలగడం’ అనే క్రియలో ఉంది. మన ‘సత్తా’ అనే మాట తీసుకో. తెలుగులో ‘మన అమ్మాయిలు సత్తా చాటారు’ అంటే సామర్థ్యం చూపించారని. అదే సత్తా హిందీ పేపర్‌లో కనిపిస్తే ప్రభుత్వాధికారం అని. ఆదిలాబాద్ దాటేసరికి ఒకే మాటకు అర్థం మారిపోతుంది. మాఖ్ట్‌లో ఈ రెండు సత్తాలూ ఉన్నాయి. నీషేను రాజకీయంలోకి లాక్కెళ్లిన వాళ్లలో చాలామంది హిందీ సత్తాను పట్టుకుని తెలుగు సత్తాను వదిలేశారు, మీ సీనియర్ అన్న కూడా చేస్తున్నది అదే.

నీషే ఈ ఆలోచనను గట్టిగా చెప్పిన చోటు, జరాతుష్ట్ర అనే ప్రవక్త నోట తన మాటలు పలికించిన ‘జరాతుష్ట్ర ఇలా అన్నాడు’ పుస్తకం రెండో భాగంలో, 1883లో. ప్రాణమున్నది ఎక్కడ కనిపించినా ఈ సంకల్పమే కనిపించిందంటాడు, సేవ చేసేవాడి సంకల్పంలో కూడా యజమాని కావాలన్న సంకల్పం ఉందంటాడు. ఆ అధ్యాయం పేరే ‘తనను తాను దాటడం గురించి’. అంటే ఆయన లెక్కలో ఇది అందరిలోనూ ఉంది. ఉపవాసం చేసే సన్యాసి తన ఒంటి మీద చూపించేది ఇదే, సత్యం కోసం కళ్లు పోగొట్టుకునే పండితుడిదీ ఇదే, మీ సీనియర్ అన్నదీ మీ బాపుదీ నీదీ నాదీ ఇదే. మరి అది ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని మనుషులను రెండు కుప్పలుగా పోసి, ఒక కుప్ప ఇంకో కుప్పను ఏలాలి అని తీర్పు చెప్పడం ఎక్కడినుంచి వచ్చింది? అందరిలో ఉన్నదాన్ని కొందరి హక్కుపత్రంగా మార్చడం అది. ఆదివారం చర్చలో నువ్వు ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడు.

ఇంకోటి కూడా అడుగు. బలమున్నవాడే గెలుస్తాడు, గెలిచినవాడిదే బలం అని నీషే అన్నాడా? అనలేదు. 1888లో రాసిన ‘విగ్రహాల సంధ్య’లో డార్విన్‌కు ఎదురుగా ఒక చిన్న ముక్క ఉంది, అందులో ఆయన బాధే వేరు: బలహీనులు మళ్లీ మళ్లీ బలవంతుల మీద గెలుస్తూనే ఉన్నారు, వాళ్లు ఎక్కువమంది, పైగా తెలివైనవాళ్లు కూడా, అంటాడు. గెలుపునే కొలతగా పెట్టుకుంటే బానిస నీతే లోకమంతా గెలిచిందని ఆయనే ఒప్పుకుంటున్నాడు కదా. కాబట్టి ఎన్నికల్లో గెలిచినవాడినో, కాలేజీ గేటు దగ్గర పదిమందిని వేసుకుని నిలబడేవాడినో చూపించి ‘ఇదిగో నీషే చెప్పిన బలవంతుడు’ అంటే నీషేకు ఏ సంబంధమూ లేదు. ‘అధికారంలోకి రావడానికి చాలా ఖరీదు పెట్టాలి, అధికారం మనిషిని మొద్దుబారుస్తుంది’ అన్నది అదే పుస్తకంలో ఉంది, 1871లో ఫ్రాన్స్‌ను ఓడించి సామ్రాజ్యమై విర్రవీగుతున్న తన సొంత జర్మనీని ఉద్దేశించి. రాజ్యం గురించి జరాతుష్ట్ర నోట పలికించిందయితే ఇంకా కటువుగా ఉంటుంది: చల్లని రాక్షసులన్నిటిలోకీ చల్లనిది రాజ్యం, అది చల్లగా అబద్ధమాడుతుంది, ‘రాజ్యాన్నైన నేనే ప్రజలను’ అన్నది దాని నోటినుంచి వచ్చే అబద్ధం. ‘రాజకీయమంటే అదే’ అని మీకు చెప్పే అన్న ఈ పేజీ ఎప్పుడైనా చదివి వినిపించాడా?

ఇక రూమ్మేట్ చెప్పిన హిట్లర్ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒక మనిషి కాగితాలను ఇంట్లోవాళ్లే ఎట్లా మార్చేస్తారో ఇక్కడ తెలుస్తుంది. 1889 జనవరిలో ఇటలీలోని టురిన్‌లో నీషేకు మతి తప్పింది, మళ్లీ కోలుకోలేదు. 1900 ఆగస్టు 25న చనిపోయేదాకా ఆయన పేరు యూరప్ అంతా పాకుతున్న సంగతి ఆయనకు తెలియదు. చెల్లెలు ఎలిజబెత్ 1885లో బెర్న్‌హార్డ్ ఫోర్‌స్టర్ అనే యూదు ద్వేషిని పెళ్లి చేసుకుంది, ఆ పెళ్లికి నీషే వెళ్లలేదు. 1887 చివర్లో ఆమెకు రాసిన ఉత్తరంలో, యూదు ద్వేషుల నాయకుడితో నీ పొత్తు నా బతుకు తీరుకే పరాయిది, నన్ను కోపంతోనో దిగులుతోనో నింపుతోంది అని మొహం మీదే చెప్పాడు. ఆ భార్యాభర్తలు స్వచ్ఛమైన జర్మన్ల కోసం ఊరు కడతామని పరాగ్వే వెళ్లారు, పథకం దెబ్బతింది, 1889లో ఫోర్‌స్టర్ ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాత తిరిగొచ్చిన ఆమె అన్న కాగితాలన్నీ తన చేతిలోకి తీసుకుంది. నీషే పెట్టుకున్న నోటు పుస్తకాల్లోంచి ముక్కలు ఏరి 1901లో ‘అధికార సంకల్పం’ అనే పుస్తకం వేయించింది, 483 ముక్కలతో. 1906లో దాన్ని 1067 ముక్కలకు పెంచారు. ఆ పేరుతో పుస్తకం రాయాలని నీషే ఒకప్పుడు అనుకున్న మాట నిజమే, కానీ 1888లోనే ఆ ఆలోచన వదిలేశాడు. వదిలేసిన పుస్తకాన్ని ఆయన ప్రధాన గ్రంథమని లోకానికి అందించారు. ఆమె ఉత్తరాలను కూడా మార్చిందని తర్వాత తేలింది. 1935లో ఆమె చనిపోతే అంత్యక్రియలకు హిట్లర్ స్వయంగా వచ్చాడు. 1967 నుంచి కొల్లి, మొంతినారి అనే ఇద్దరు ఇటలీ పండితులు రాతప్రతులను తేదీల వరుసలో అచ్చువేయడం మొదలుపెట్టాకే, ఏది పుస్తకం, ఏది పక్కన పడేసిన చిత్తుకాగితం అన్నది మామూలు పాఠకుడికి అందింది. మీ సర్కిల్‌లో చదువుతున్నది ఈ ఏరిన పుస్తకమే అయితే, ప్రతి ముక్క పక్కనా ‘ఇది ఆయన అచ్చుకు ఇచ్చింది కాదు’ అని పెన్సిల్‌తో రాసుకో.

నాజీలకు నీషేను ఎక్కించినవాళ్లలో అల్‌ఫ్రెడ్ బాయ్‌మ్లర్ ముఖ్యుడు. 1931లోనే ‘తాత్వికుడు, రాజకీయవేత్త’ అని నీషే మీద పుస్తకం రాశాడు, 1933లో బెర్లిన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన పట్టుకున్నది ఈ ఏరిన పుస్తకాన్నే. యూదు ద్వేషులను, జర్మన్ జాతీయవాదాన్ని నీషే తన చేతులతో అచ్చువేయించిన పుస్తకాల్లోనే ఎంతలా తిట్టాడో వాటిని మాత్రం ఏదో ఒక సాకుతో పక్కకు నెట్టాడు. ‘మంచిచెడులకు ఆవల’ 251వ ముక్కలో, యూదు ద్వేషంతో అరిచేవాళ్లనే దేశంనుంచి వెళ్లగొడితే మేలేమో అని ఉంది. దీన్ని పక్కకు నెట్టకుండా హిట్లర్‌కు గురువును చేయడం కుదరదు. ఫ్రాన్స్‌లో రచయిత జార్జ్ బతాయ్ 1937 జనవరిలోనే ఈ దొంగతనాన్ని పేరుపెట్టి ఎండగట్టాడు, యుద్ధానికి ముందే.

ఇక్కడితో ఆపితే నీకు హాయిగా ఉంటుంది. పాపం మంచి మనిషి, చెల్లెలు చెడగొట్టింది అనుకుని పుస్తకం మళ్లీ తెరుస్తావు. 1950 తర్వాత అమెరికాలో కౌఫ్‌మన్ లాంటి పండితులు ఇంచుమించు ఆ దారిలోనే నీషేను కడిగి ఆరేశారు, వాళ్ల పనికి ఆ కాలంలో అవసరం ఉంది. అయితే అట్లా కడిగిన నీషే కూడా అబద్ధమే అని నేను నమ్ముతాను. ‘మంచిచెడులకు ఆవల’ 259లో బతుకంటేనే పరాయిదాన్ని కలిపేసుకోవడం, గాయపరచడం, తనకంటే బలహీనమైనదాన్ని లొంగదీసుకోవడం అని రాసింది చెల్లెలు కాదు, ఆయనే, 1886లో, తన ఖర్చుతో అచ్చువేయించి మరీ. 257లో మనిషిని పైమెట్టు ఎక్కించిన ప్రతి సమాజమూ హెచ్చుతగ్గుల సమాజమే అని, దానికి ఏదో ఒక అర్థంలో బానిసత్వం కావాలని ఉంది. గ్రీకుల రాజ్యం మీద 1872లో రాసిన వ్యాసంలో అయితే బానిసత్వం సంస్కృతి స్వభావంలోనే ఉందన్నాడు. ప్రజాస్వామ్యం, సోషలిజం, ఆడవాళ్ల హక్కులు, వీటిమీద ఆయన మాటలు చదివితే కడుపు తిప్పుతుంది. హంగరీ మార్క్సిస్టు తాత్వికుడు లూకాచ్ 1954లో నీషేను హిట్లర్ దాకా పోయిన దారిలో పెద్ద మైలురాయిగా చూపించినప్పుడు అతిగా లాగాడని అనిపించినా, ఆ దారిలో రాళ్లు పరిచిన చేతుల్లో నీషే చెయ్యి లేదని నేను అనలేను.

అసలు మనకు మరీ దగ్గరగా తగిలేది మనువు సంగతి. 1888 మే నెలలో టురిన్‌లో ఉండగా జాకోలియో అనే ఫ్రెంచివాడు చేసిన మనుస్మృతి అనువాదం నీషే చేతికి దొరికింది, చాలా సంబరపడి స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆ అనువాదం నమ్మదగింది కాదు, చండాలుల మీద ఆయన ఎత్తి రాసిన నియమాల్లో కొన్ని మామూలు మనుస్మృతిలో కనిపించవని తర్వాతి పండితులు చూపించారు. అంతమాత్రాన మనువుకు మచ్చ తుడిచినట్టు కాదులే, ఊరి బయట ఉండాలి, శవాల మీది బట్ట కట్టాలి అన్నవి అసలు పదో అధ్యాయంలోనే ఉన్నాయి. ఆ పుస్తకంతో నీషే ఏం చేశాడో చూడు. ‘విగ్రహాల సంధ్య’లో ఆ నియమాలన్నీ వరసగా రాసి, మన మనసుకు ఇంతకంటే ఎదురుతిరిగేది ఉండదేమో అని, ‘స్వచ్ఛమైన రక్తం’ అన్న ఊహ ఏమాత్రం హాని లేనిది కాదని ఇక్కడే నేర్చుకుంటాం అని అన్నాడు. మనుషులను నీతిమంతులను చేయడానికి ఇంతదాకా వాడిన పద్ధతులన్నీ అవినీతివే అని తేల్చాడు. సరే అనుకునేలోగా, కొద్ది వారాల తేడాతో రాసిన ‘యాంటీక్రైస్ట్’ 57వ ముక్కలో వర్ణ క్రమం ప్రకృతి క్రమమేనని, దాని మీద ఎవరి ఇష్టాయిష్టాలూ చెల్లవని పొగిడాడు. ఒకే ఏడాది, ఒకే చెయ్యి. ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసార్లు కూర్చున్నాను, వీటిని కలిపి కుట్టే దారం నాకు దొరకలేదు, దొరికిందని చెప్పేవాళ్లను నమ్మబుద్ధి కాలేదు. ఆల్ప్స్ కొండల్లో అద్దె గదిలో కూర్చుని వర్ణ వ్యవస్థను పొగడటం తేలిక, దాని కింద బతికిన మనిషి గురించి ఆయనకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. నాకు ఆయన మీద అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే.

కాబట్టి ఈ విషయంలో నీ రూమ్మేట్ దగ్గర నిజం ఉంది. అంబేడ్కర్ ‘హిందూ మత తత్వశాస్త్రం’ అనే రచనలో జరాతుష్ట్ర మనువుకు పెట్టిన కొత్త పేరని, ఆ పుస్తకం మనుస్మృతికి కొత్త కూర్పని సూటిగా రాశారు. నాజీలు నీషేను తలకెత్తుకున్న సంగతీ అక్కడే చెప్పారు. కానీ ఆ వెంటనే ఒక తేడా కూడా చూపించారు: నీషే నిజంగానే ఇప్పుడున్న మనిషిని మించిన కొత్త మనిషి రావాలనుకున్నాడు, మనువు ఒక వర్గం అప్పటికే చేజిక్కించుకున్న సౌకర్యాలను కాపాడాడు, ఒకరి లెక్క యోగ్యతతో, ఇంకొకరి లెక్క పుట్టుకతో. అంతే కాదు, ఇదంతా రాయడానికి అంబేడ్కర్ నీషేను తెరిచి చదివారు, పేజీలకు పేజీలు ఎత్తి రాశారు. ‘చదవడమే తప్పు’ అనే మాట ఆయన దారిలో నాకెక్కడా కనిపించదు. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఇంగ్లిష్ సంపుటాల్లో మూడోదానిలో ఉంది, రూమ్మేట్ దగ్గర ఉంటే ఇద్దరూ కలిసి ఆ పేజీలు చదవండి. మీ మధ్య గొడవ సగం అక్కడే తగ్గుతుంది.

నీషే ఎవరి పక్షం అన్నావు. ఆయన్ని లాక్కున్న పక్షాలు చాలా ఉన్నాయి. ముస్సోలినీ ఇంకా సోషలిస్టుగా ఉన్నప్పుడే, 1908లో, ఆయన మీద వ్యాసం రాశాడు. తర్వాత ఫాసిస్టు అయ్యాక కూడా వదల్లేదు, 1943లో ముస్సోలినీ అరవయ్యో పుట్టినరోజుకు హిట్లర్ పంపిన కానుక నీషే సంపూర్ణ రచనలు. ఇటువైపు చూస్తే ఏ ప్రభుత్వమూ వద్దనే అరాచకవాది ఎమ్మా గోల్డ్‌మన్ అమెరికాలో ఊరూరా తిరిగి నీషే మీద మాట్లాడింది, ఆయన చెప్పిన గొప్పతనం పుట్టుకదీ కాదు, డబ్బు సంచిదీ కాదు, మనసుది అని. అమెరికాలో నల్లజాతివాళ్ల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీని పెట్టిన హ్యూయీ న్యూటన్ 1973 నాటి ఆత్మకథలో రాసుకున్నది నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఆ చెల్లెలు ఏరిన ‘అధికార సంకల్పం’ పుస్తకమే ఆయనా చదివాడు. చదివి నేర్చుకున్నది ఏమిటంటే, మంచి, చెడు అనే పేర్లు పెట్టే హక్కు ఎవరి చేతిలో ఉంటే బలం వాళ్లదని. ఇన్నాళ్లూ తమకు పేర్లు పెట్టినవాళ్లకు తామే పేరు పెట్టాలని, పోలీసులను ‘పిగ్’ అనడమూ, ‘సర్వాధికారాలూ ప్రజలకే’ అన్న నినాదమూ అక్కడినుంచే వచ్చాయని చెప్పాడు. బెర్లిన్‌లో కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చదివిన పుస్తకాన్నే ఓక్‌లండ్‌లో పోలీసు లాఠీ కింద పెరిగిన నల్లజాతి కుర్రాడు చదివాడు. ఫ్రాన్స్‌లో తాత్వికుడు డెల్యూజ్ 1962లో చెప్పింది కూడా నీకు పనికొస్తుంది: అధికారాన్ని ఒక వస్తువులా ఊహించి, అది నా చేతికి రావాలి, అందరూ నన్ను గుర్తించాలి అని ఆరాటపడటం శక్తి లేనివాడి ఊహ, నీషే చెప్పిన శక్తి తీసుకునేది కాదు, ఇచ్చేది, సృష్టించేది.

ఇన్ని పక్షాలు లాగితే లాగనీ, నా మటుకు నాకు తేలింది ఇది. ఈ ఆలోచనను ఎదుటివాడి మీద తక్కెడగా వాడినవాళ్ల చేతుల్లో అది విషమైంది, నీషే చేతిలో కూడా, మనువు పేజీల్లో. తన మీద తాను వాడుకున్నవాళ్లకు అది పనికొచ్చింది. నేను ఫలానా మాట ఎందుకు అంటున్నాను, నాలో ఏది నిండి అంటున్నాను, ఏది లేక అంటున్నాను అని అడుక్కోవడానికి దీనంత పదునైన పనిముట్టు ఇంకోటి నాకు దొరకలేదు.

నువ్వు ఆ చర్చల్లో పులకరించిపోవడం నాకు అర్థమవుతుంది తమ్ముడూ. నేనూ ఊరినుంచి వచ్చి, ఇంగ్లిష్ పలకడానికి భయపడి, క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాణ్నే. ‘నువ్వు మందలో ఒకడివి కాదు’ అని ఒక గొప్పవాడు చెవిలో చెప్పినట్టు ఉంటుంది ఆ పేజీల్లో. ఆ ధైర్యం నీకు అవసరమే, దాన్ని పోగొట్టుకోవద్దు. కాకపోతే ‘ఉల్లాస విజ్ఞానం’ అనే 1882 నాటి పుస్తకంలో 13వ ముక్క ఒకటి ఉంది, దాన్ని చదువు. మేలు చేసైనా, కీడు చేసైనా మన శక్తిని ఎదుటివాళ్ల మీద చూపిస్తాం అని మొదలుపెట్టి, ఎదుటివాణ్ని నొప్పించడం మనకింకా శక్తి చాలలేదనడానికి గుర్తు అంటాడు. దసరా రోజు మీ ఇంట్లో శక్తి చాలనిది ఎవరికి? ఆదివారాల్లో కూడబెట్టుకున్న బలాన్ని ఖర్చుపెట్టడానికి నీకు దొరికినది, తిరిగి ఒక్క మాట అనడని నీకు ముందే తెలిసిన మనిషి. ఇది నిన్ను బాధపెట్టడానికి చెప్పడం లేదు, నువ్వు ఇష్టపడే రచయిత నిన్ను చూస్తే ఇదే అడిగేవాడు.

ఉద్దెర బుక్కు గురించి కూడా ఆయన దగ్గరే ఉంది. ‘నీతి పుట్టుపూర్వోత్తరాలు’ (1887) రెండో వ్యాసం అంతా అప్పుల గురించే. జర్మన్‌లో తప్పుకూ అప్పుకూ ఒకటే మాట, ‘షుల్ట్’. మనకు ఒక్క అక్షరం తేడా, అంతే. మనిషికి తప్పు చేశానన్న బాధ అప్పిచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మధ్య లెక్కల్లోంచి పుట్టిందని అక్కడ ఆయన వాదన. పదో ముక్కకు వచ్చేసరికి, అప్పిచ్చినవాడు ఎంత బలపడితే అంత మెత్తబడతాడని, ఎంత నష్టాన్ని బాధపడకుండా తట్టుకోగలడన్నదే చివరికి అతని సంపదకు కొలత అని అంటాడు. దయ అన్నది అందరికంటే శక్తిమంతుడికి మాత్రమే దక్కే అవకాశం అంటాడు. మీ సీనియర్ అన్న ‘దయ బానిసలది’ అన్నాడు కదా, ఆయన చెప్తున్న పుస్తకాల మనిషే దాన్ని బలవంతుల సొత్తు అన్నాడు.

అట్లని వెంటనే ‘మా బాపే అసలైన నీషే మనిషి’ అని ఇంకో బొమ్మ తయారుచేయకు. ఆయన బాకీలు అడగకపోవడం నిండుతనంతో కావచ్చు. ఊళ్లో మాట పడతానేమోనన్న భయంతో కావచ్చు. బాకీ ఉన్నవాళ్ల ఇళ్లలో ఏముందో ఏం లేదో ఏళ్లుగా చూస్తున్నవాడు కాబట్టి కావచ్చు. అడిగితే వాళ్లు ఇంకో దుకాణానికి పోతారన్న మామూలు లెక్క కూడా ఉండొచ్చు, పల్లెలో ఉద్దెర ఇవ్వకుండా కిరాణం నడవదు. వీటిలో ఏదో నాకు తెలియదు, నీకూ తెలియదు, ఎందుకంటే నువ్వు ఆయన్ని అడగలేదు, తేల్చి చెప్పేశావు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉండి, అమ్మ మందులకో నీ ఫీజుకో ఆ బాకీలు వసూలు కావాల్సిన అవసరం నిజంగా ఉంటే, అది ఇద్దరూ కూర్చుని మాట్లాడాల్సిన సంగతి, దానికి జర్మన్ తాత్వికుడు అక్కర్లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నాలుగు రోజులు గల్లా దగ్గర కూర్చో. బుక్కు నువ్వు రాయి. ఎవరెవరు వస్తారో, ఏమడుగుతారో, బాపు ఎవరికి ఇస్తారో, ఎవరికి ‘ఇయ్యాల లేదు’ అంటారో చూడు. ఆయన అందరికీ ఒకేలా ఉండరని నా అనుమానం.

చదవడం ఆపకు. కాకపోతే ఆ ఏరిన పుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆయన తన చేతులతో పూర్తిచేసినవి తీసుకో. ‘నీతి పుట్టుపూర్వోత్తరాలు’తో మొదలుపెడితే మంచిది, చిన్నది, మూడే వ్యాసాలు. ఆదివారం చర్చకు పోవాలో వద్దో నువ్వే చూసుకో. ఎదురు ప్రశ్న అడిగినప్పుడు ఆ అన్న మొహం ఎలా మారుతుందో గమనిస్తే నీకే తెలుస్తుంది. సంతోషపడితే ఉండు. ‘నీకు అర్థం కాలేదు, నువ్వింకా మందలోనే ఉన్నావు’ అంటే లేచి వచ్చెయ్యి.

బాపుకు నీషే గురించి ఏమీ వివరించకు. ‘ఆ రోజు తప్పు మాట అన్నాను, అది నీ గురించి నిజం కాదు, నాకు తెలియకుండా అన్నాను’ అంటే చాలు. ఆయన వేరే మాట ఎత్తుకుని తిన్నావా, చలిగా ఉందా అని అడిగితే దానికి జవాబు చెప్పు. ఎనిమిదిన్నరకు దుకాణం బంద్ చేస్తారని రాశావు. అన్నం తినేదాకా ఆగి, ఈ రాత్రే తొమ్మిదింటికి ఆయన నంబర్‌కే చెయ్యి, అమ్మ నంబర్‌కు కాదు.